గంజి పెట్టిన థర్మల్

కెనడాలో చలి ఎక్కువగా ఉందన్న వార్తలను ఉద్ధరణ పార్టీ తీవ్రంగా పరిగణించింది. పార్టీ ప్రధాన కార్యదర్శి వెంకటసుబ్బయ్య గారు స్వయంగా ఆ దేశం వెళ్లి, అక్కడ చదువుకుంటున్న మన పిల్లల మధ్య నిలబడి, చలిని సమగ్రంగా సమీక్షిస్తారని, అవసరమైతే చలిపై పోరాటానికి పిలుపునిస్తారని హైదరాబాదు ఆఫీసు ఒక ప్రకటన విడుదల చేసింది. ప్రకటన వెలువడ్డ రోజే అక్కడి కేంబ్రిడ్జ్ ఊళ్లో మైనస్ పద్దెనిమిది కాస్తా మైనస్ ఇరవై నాలుగుకు తగ్గింది. తగ్గింది కాబట్టి ఇది తొలి విజయమని కార్యకర్తలు స్వీట్లు పంచుకున్నారు.

ఆ ప్రకటన చదివి కెనడా మొత్తంలో ఒళ్లు వెచ్చబడినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను జనార్ధనరావు. కేంబ్రిడ్జ్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సొంత ఇల్లు, ఇంటికి బేస్‌మెంటు, బేస్‌మెంటు నిండా స్టూడెంట్లు. కాలేజీలు పిల్లల్ని పిలిచినంత జోరుగా ఆ దేశంలో ఎవరూ ఇళ్లు కట్టలేదు. ఆ లోటు తీర్చడానికి జనార్ధనరావు తన బేస్‌మెంటులో పరుపు పక్కన పరుపు వేసి దేశసేవ చేస్తున్నాడు. ఏ దేశానికి అని ఎవరూ అడగలేదు.

అతనికి జీవితంలో ఒకటే కోరిక. పార్టీ కెనడా విభాగానికి అధ్యక్షుడు కావాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. "ఆదివారం స్టూడెంట్ల సభ సాఫీగా జరిపించండి. లైవ్‌లో చూస్తాం. జరిగితే పదవి మీదే" అని హైదరాబాదు నుంచి మాట వచ్చింది.

సభ సాఫీగా జరగడానికి ఒకే ఒక్క అడ్డు ఉంది. అది థర్మోస్టాట్.

హీటర్ ఎంత మండాలో చెప్పే ఆ చిన్న డబ్బా పై అంతస్తు హాల్లో గోడకు ఉంటుంది. జనార్ధనరావు దానికి అద్దంలాంటి ప్లాస్టిక్ పెట్టె బిగించి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. లోపల అంకె పదిహేడు. పదిహేడు డిగ్రీల్లో పెరిగిన పిల్లలకు ఏకాగ్రత ఎక్కువని అతను ఎక్కడో చదివాడు, చదవకపోతే తానే చెప్పాడు.

కింద పిల్లలు పగలూ రాత్రీ చలికి ఒంటికి అతుక్కునేలా తొడిగే థర్మల్స్‌లోనే బతికేవారు. అదే లోపలి బట్ట, అదే పడక బట్ట, పైన ప్యాంటు తొడిగితే అదే కాలేజీ బట్ట. వాషింగ్ మెషీన్ బుధవారం ఒక్కరోజే. డ్రయ్యర్ జోలికి అసలే వెళ్లకూడదు, కరెంటు తాగుతుందని. అంచేత స్టవ్ మీదుగా తాడు కట్టి థర్మల్స్ ఆరేసేవారు. కింద పోపు వేగేది, పైన థర్మల్ ఆరేది. తెనాలి నుంచి వచ్చిన ప్రజ్వల్ పక్కన క్లాసులో కూర్చున్న తెల్లపిల్లలకు పదకొండు గంటలకల్లా ఆకలేసేది. ఆవాలా, ఇంగువా అని తెలియక పాపం వాళ్లు క్యాంటీన్‌కు పరుగెత్తేవారు. ఉతికి పూర్తిగా ఆరిన థర్మల్ జత బేస్‌మెంటులో ఉమ్మడి ఆస్తి. ఎవరికి జాబ్ ఇంటర్వ్యూ ఉంటే ఆ రోజు వారిది.

"అంకుల్, ఇరవై ఒకటి పెట్టండి, చాలు" అని ప్రజ్వల్ ఎన్నోసార్లు అడిగాడు. ఇప్పుడు నాయకుడినే అడుగుతామని, లైవ్‌లోనే అడుగుతామని కబురు చేశాడు.

ఇదీ పరిస్థితి. ఇంతలో నాయకుడు దిగాడు.

మిస్సిసాగా ఎయిర్‌పోర్టులో వెంకటసుబ్బయ్య గారు తెల్ల పంచె, తెల్ల లాల్చీ, నెత్తిన మంకీ క్యాప్‌తో బయటకు వచ్చారు. గంజి పెట్టిన ఆ లాల్చీ ఎంత బిగువంటే, మనిషి పక్కకు తిరిగాక కాసేపటికి అది తిరిగేది. అద్దాల తలుపు తెరుచుకుంది. ఆయన ఒక అడుగు బయట పెట్టారు. తలుపు మూసుకునేలోపు ఆ అడుగును వెనక్కి తీసుకున్నారు.

"ఏమయ్యా జనార్ధనా, చలి ఉంది."

"ఉందండి."

"రాసుకో. సమీక్ష అయిపోయింది."

కారులో సీటు వేడెక్కితే ఉలిక్కిపడ్డారు. "కింద ఎవరో నిప్పులు పోశారయ్యా. మన పార్టీవాడేనా?" అన్నారు. కాదు, కారుదేనన్నాక శాంతించి, హైవే పొడుగునా కళ్లు మూసుకుని ప్రజాసమస్యల గురించి గురక పెట్టారు.

ఇంటికి రాగానే పై గదిలో నాలుగు బొంతల కింద ఆయనకు విడిది ఏర్పాటైంది. జనార్ధనరావు భక్తిగా ఒక ప్యాకెట్టు అందించాడు. అందులో ఉన్ని థర్మల్, మెడ దగ్గర మొదలై మడమల దాకా ఒకే ముక్క, ముందు గుండీలు, పాలమీగడ రంగు. వెంకటసుబ్బయ్య గారి నడుము కొలతకు ఊరంతా గాలిస్తే ఒక్కటే దొరికింది. గడ్డకట్టిన చెరువుల మీద కూర్చుని చేపలు పట్టే భారీ మనుషుల కోసం కుట్టింది.

"ఇది లోపల వేసుకుంటే సార్, రేపు సభలో ఎంతసేపైనా నిలబడొచ్చు."

"ఉతికారా?"

"కొత్తదండి."

"కొత్తదైతే?"

జనార్ధనరావు నాలిక కరుచుకున్నాడు. పార్టీ అధికారంలోకి వచ్చేదాకా చేత్తో ఉతికి, గంజి పెట్టి, ఎండలో ఆరేసిన బట్ట తప్ప ఒంటికి తగలనివ్వనని ఆయన దీక్ష పట్టిన సంగతి లోకానికి తెలుసు. దీక్ష పట్టాక పార్టీ రెండుసార్లు ఓడింది. అందువల్ల దీక్ష చెక్కుచెదరలేదు.

"సార్, థర్మల్‌కు గంజంటే... లోపల వేసుకునేదండీ. ఎవరూ చూడరు."

"ఎవరూ చూడనప్పుడు పాటిస్తేనే దీక్షయ్యా" అన్నారు వెంకటసుబ్బయ్య గారు బొంతలోంచి.

శనివారం పొద్దున్నే జనార్ధనరావు బాత్‌టబ్ పక్కన గొంతుక్కూర్చుని థర్మల్‌ను ఉతకసాగాడు. ఆయన మంకీ క్యాప్ కూడా ఇచ్చారు, అదీ ఉతికాడు. భార్య హైమావతి అన్నం గంజి గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ మీ బనీను ఒక్కటి జాడించుకున్న పాపాన పోలేదు."

"ఇది బనీను కాదే హైమా. పదవి."

"పదవికి ఈ గంజి చాలా?"

"ఇంకో గిన్నె పొయ్యి. పలచనైతే సార్ మనసు నొచ్చుకుంటుంది."

పెరట్లో ఎండ బ్రహ్మాండంగా ఉంది. కెనడా ఎండ గుళ్లో దేవుడి నగలాంటిది. కళ్లు చెదిరేలా మెరుస్తుంది, ఒంటికి పనికిరాదు. జనార్ధనరావు మంచు తోసే పారను మంచులో నిలువుగా గుచ్చి, దాని కర్రకు థర్మల్ తొడిగి, కర్ర కొసన మంకీ క్యాప్ తగిలించాడు. చేతిలో ఒకటే క్లిప్పు మిగిలితే రెండు చేతుల కొసలూ దగ్గరికి లాగి కలిపి పెట్టేశాడు. ఆ పని చేస్తుండగానే వేళ్లు కొయ్యబారిపోయి లోపలికి పరుగెత్తాడు.

ఆ తర్వాత ప్రకృతి తన పని తాను చేసింది. ఉత్తరపు గాలి ఒకటి మెడ సందులోంచి దూరి లోపలంతా కలియదిరిగి పొట్ట దగ్గర స్థిరపడింది. కాళ్లు నిండాయి, భుజాలు పొంగాయి. చలి ఒక పక్క, గంజి ఒక పక్క పట్టుకుని బిగించాయి. మధ్యాహ్నానికి పార ఆసరా కూడా అక్కర్లేకుండా థర్మల్ తన కాళ్ల మీద తాను నిలబడి ఉంది. నిండైన పొట్ట, నెత్తిన క్యాప్, రెండు చేతులూ జోడించి నమస్కారం. అబద్ధమైతే ఆ పార మీద ఒట్టు, అంత నికరంగా నిలబడ్డ నాయకుణ్ణి ఆ పార్టీ చరిత్రలో ఎవరూ చూడలేదు.

షిఫ్టు ముగించుకుని బేస్‌మెంటు దారిన వస్తున్న లోహిత్ చూశాడు. జగిత్యాల పిల్లవాడు, వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తాడు. చూసి అక్కడే బ్యాగు దించి ప్రజ్వల్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, సారు పెరట్ల నిలబడ్డడు."

"ఎలా నిలబడ్డాడ్రా?"

"థర్మల్ మీదనే. మీద ఏం లేదు. దండం పెడ్తుండు. కదుల్తలేడు."

ప్రజ్వల్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి గడ్డకట్టిన చేతులతో దండాలు పెట్టారు. ప్రజ్వల్ థర్మోస్టాట్ సంగతి మొదలుపెట్టి, తడి థర్మల్స్ సంగతి, దగ్గుల సంగతి, ఉమ్మడి జత సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. నాయకుడు మధ్యలో అడ్డు రాలేదు. ఫోన్ చూసుకోలేదు. "చూద్దాం" అనలేదు. మాట పూర్తిగా విన్న మొదటి పెద్దమనిషి అని ఇద్దరికీ కళ్లు చెమర్చాయి, చెమర్చి రెప్పలు అతుక్కున్నాయి. దూరం నుంచి ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

వంటింటి కిటికీలోంచి ఇది చూసిన జనార్ధనరావు చెప్పులతోనే పెరట్లోకి దూకాడు. అసలు విషయం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. ఆ నోటి ముందే ఫోన్ మోగింది. హైదరాబాదు ఆఫీసు.

"జనార్ధనరావు గారూ, ఫోటో చూశాం. మైనస్ ఇరవై నాలుగులో ఒక్క బట్టతోనా? రాష్ట్రం ఊగిపోతోందండీ. రేపు సభలో కూడా ఇలాగే నిలబడాలి. ఇలా నిలబడితే పదవి ఇప్పుడే ఇచ్చినట్టు."

జనార్ధనరావు తెరిచిన నోరు మూశాడు. పై గదికి వెళ్లి బొంతల దగ్గర వంగి ఫోటో చూపించాడు.

"సార్, మీరు బయట నిలబడ్డారటండీ."

వెంకటసుబ్బయ్య గారు ఫోటోను చాలాసేపు చూశారు. "బాగా వచ్చాను" అన్నారు. "పొట్ట కాస్త తగ్గినట్టుంది."

"రేపు సభలో అలాగే కావాలంటున్నారండీ."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి తన థర్మల్‌ను చూసి వచ్చి మళ్లీ పడుకున్నారు. "అందులో నేను దూరాలంటే ముందు నన్నూ ఓ పూట బయట పెట్టాలి. ఎందుకయ్యా? అది నిలబడిందిగా. నిలబడనీ. మాట్లాడేది నేను చూసుకుంటా. పార్టీ అన్నాక పని పంచుకోవాలి."

ఆదివారం సభ ఇంటి గ్యారేజీలో పెట్టారు. హాల్లో పెడదామని పిల్లలు అడిగితే, నాయకుడికి వెచ్చదనం గిట్టదని జనార్ధనరావు చెప్పాడు. గ్యారేజీ తలుపు బార్లా తెరిచే ఉంచాడు. పెరట్లోంచి నాయకుణ్ణి ఎత్తుకొచ్చి నిలబెట్టి, పంచె కట్టి, కండువా వేసి, క్యాప్ కింద నల్లకళ్లద్దాలు, ముక్కు మీదికి మఫ్లరు చుట్టాడు. గుండీలు విప్పి పొట్టలో హైమావతి బ్లూటూత్ స్పీకరు పెట్టి మళ్లీ మూశాడు. పై గదిలో బొంతల కింద సభను లైవ్‌లో చూస్తూ, ఫోను పట్టుకుని వెంకటసుబ్బయ్య గారు సిద్ధమయ్యారు.

మిల్టన్ నుంచి, మిస్సిసాగా నుంచి కూడా పిల్లలు వచ్చారు. అందరూ కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చుట్టుకునే వచ్చారు కాబట్టి, ముఖం కనబడని నాయకుణ్ణి చూసి ఎవరూ వింతపోలేదు. శాలువా కప్పితే ఆయన నవ్వలేదు. హుందాతనం అనుకున్నారు. స్పీకరు కలిసేటప్పుడు పొట్టలోంచి హైమావతి రోజూ వినే దేవుడి పాట ఒక చరణం వచ్చింది. నాయకుడి అంతరంగంలో భక్తి ఉందని అందరూ చెంపలు వేసుకున్నారు.

ఉపన్యాసం గంభీరంగా సాగింది. బోలు పొట్టలో గొంతు తిరిగి తిరిగి రావడంతో అది మరింత లోతుగా వినిపించింది. హైదరాబాదులో లైవ్ చూస్తున్నవాళ్లు ఆహా అన్నారు. జనార్ధనరావు ఒక కన్ను నాయకుడి మోకాళ్ల మీద, ఒక కన్ను ఎండ మీద పెట్టి నిలబడ్డాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. పదవి చేతికి అందేంత దూరంలో ఉంది.

అప్పుడు ప్రజ్వల్ లేచాడు.

"సార్, మాకు ఒకటే కోరిక. ఇంట్లో ఇరవై ఒకటి డిగ్రీలు పెట్టించండి."

అడిగినంత ఇచ్చే అలవాటు వెంకటసుబ్బయ్య గారికి ఏనాడూ లేదు. ఇవ్వకపోవడం వేరు, తక్కువ చెప్పడం వేరు.

"ఇరవై ఒకటేమిటయ్యా, బిచ్చమా?" అంది పొట్ట. "ఇరవై అయిదు పెట్టిస్తా. ఎవరో పెట్టడం కాదు, ఇప్పుడే నా చేతులతో నేనే తిప్పుతా. పదండి లోపలికి."

జనార్ధనరావు గుండె జారి, ఉన్ని సాక్సుల దగ్గర ఆగింది. "బాబూ, సార్ ఊరికే అన్నారు, సార్‌కు చలే ఇష్టం" అంటున్నాడు గానీ ఎవరు వింటారు. జిందాబాద్‌లతో పిల్లలు నాయకుణ్ణి భుజాలకెత్తుకున్నారు.

"అన్నా, ఇంత పెద్ద లీడరు, ఇంత తేలిక ఉన్నడేంది?" అన్నాడు లోహిత్.

"అహంకారం లేదురా" అన్నాడు ప్రజ్వల్.

హాల్లో థర్మోస్టాట్ ఎదురుగా దించారు. సరిగ్గా అక్కడే నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంది. నాయకుడి చేతులు నమస్కారంలో ఉన్నాయి కాబట్టి తిప్పే పని జనార్ధనరావు మీద పడింది. లైవ్ నడుస్తోంది. అధ్యక్ష పదవి చూస్తోంది. కెమెరా ముందు చొక్కా ఎత్తి, మొలతాడు ముడి విప్పి, తాళం తీసి, పదిహేడును ఇరవై అయిదు చేశాడు. కింద హీటర్ ఏళ్ల నిద్ర లేచినట్టు గర్జించింది.

వేడిగాలి పంచె కిందుగా కాళ్లలోకి ఎక్కింది. నాయకుడు ముందు కొంచెం ఉబ్బాడు. సంతోషం అనుకున్నారు. మఫ్లరు కింద నుంచి నీటిబొట్లు రాలాయి.

"సారు ఏడుస్తుండు" అన్నాడు లోహిత్.

పొట్ట మాత్రం ఆగలేదు. "ఎవరి ముందూ తల వంచని చరిత్ర నాది" అని ఉరిమింది. సరిగ్గా ఆ మాట దగ్గరే మోకాళ్లు మెత్తబడ్డాయి. నడుము వంగింది. జోడించిన చేతులు జోడించినట్టే నెమ్మదిగా కిందికి దిగి, ఎదురుగా నిలబడ్డ ప్రజ్వల్ పాదాల మీద వాలాయి. ఓటరు కాళ్ల మీద సాష్టాంగపడ్డ నాయకుణ్ణి, అదీ ఎన్నికలు లేని రోజుల్లో, ప్రజాస్వామ్యం అంతకుముందు చూసి ఉండదు.

ప్రజ్వల్ లేవనెత్తబోయాడు. మెడ సందులోంచి చూస్తే లోపల చీకటి, చీకట్లో నీలం దీపం వెలిగే స్పీకరు. తల ఎత్తి జనార్ధనరావును చూశాడు. జనార్ధనరావు ముఖంలో ప్రాణం లేదు. లోహిత్ కూడా వంగి చూశాడు. చూసి, గోడ మీద అంకె చూశాడు.

"అంకుల్, ఇరవై అయిదు గిట్లనే ఉంటదా?"

"ఉంటుంది బాబూ."

"చలికాలం అయ్యేదాకా?"

"అయ్యేదాకా."

"అయితే సారు మంచిగనే ఉన్నడు" అన్నాడు లోహిత్, కండువా మెడ మీదికి లాగి కప్పుతూ.

"సార్‌కు విశ్రాంతి కావాలి" అని ప్రజ్వల్ లైవ్ కట్టేశాడు.

అందరూ టీలు తాగుతుండగా బొంత కప్పుకుని ఒక పెద్దాయన మెట్లు దిగి వచ్చి, జాలీ పక్కన కుర్చీ లాక్కుని, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నారు. "ఇక దీన్ని ఎవడూ తగ్గించడానికి లేదు" అన్నారు. మిల్టన్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె దగ్గరికెళ్లి, "అంకుల్, కొంచెం జరుగుతారా, సార్ పడిన చోటు ఫోటో తీసుకుంటాం" అంది. వెంకటసుబ్బయ్య గారు జరిగారు.

హైమావతి తడిసి ముద్దైన నాయకుణ్ణి నేల మీంచి తీసి, ఎవరినీ అడగకుండా వాషింగ్ మెషీన్‌లో వేసి, అక్కడి నుంచి డ్రయ్యర్‌లో వేసింది. ఉన్ని కదా, వేడికి దగ్గరపడి దగ్గరపడి, బయటకు తీసేసరికి బక్కపల్చటి కుర్రాడి కొలతకు వచ్చింది. లోహిత్‌కు అచ్చు కుట్టించినట్టు సరిపోయింది. కాస్త గంజి వాసన తప్ప ఏ లోటూ లేదు. అది తొడుక్కుని వేర్‌హౌస్‌కు బయల్దేరాడు.

సాయంత్రం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది.

"అధ్యక్షులు గారూ, శుభాకాంక్షలు. ఆర్డర్ వచ్చేసింది. ఆ పాదాభివందనం ఫోటోతో ఇక్కడ ఊళ్లలో ఫ్లెక్సీలు కట్టేస్తున్నారు. వచ్చే ఎన్నికల్లో ఆయనే మా ముఖం. ఒకసారి ఫోన్ ఇవ్వండి."

జనార్ధనరావు కుర్చీలో గురక పెడుతున్న బొంత వైపు చూశాడు. కొత్త అధ్యక్షుడు, మొదటిరోజే అబద్ధం ఆడటం భావ్యం కాదు.

"నిలబడినవారికా అండీ, పడుకున్నవారికా?"

"నిలబడిన ఆయనకే. పడుకునేవాళ్లు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు."

"ఆయన ఇంట్లో లేరండి. షిఫ్టుకు వెళ్లారు. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తున్నారు."



"పనికా వెళ్లారు? మన నాయకుడు?"

"అవునండి."

"ఎవరైనా చూశారా?"

"వీధిలో అందరూ చూశారండి."

"వెంటనే ఖండించండి" అంది హైదరాబాదు ఆఫీసు.